గృహమునకు తగిన కంప్యూటరేది?

బియ్యము కొనునప్పుడు మనము నాలుగు గింజలు నోట వేసికొని కొరికి చూతుము. చీర కొనునప్పుడు అంచును వెలుతురునకు పట్టి నేతను పరిశీలింతుము. అద్దె యింటికి పోవునప్పుడు గోడల రంగు కంటె ముందుగా వంటయింటిని, నీటి వసతిని విచారింతుము. ఇన్నిటియందు ఇంత నేర్పు గల గృహిణులు కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు మాత్రము, అది తమకు తెలియని విషయమని ప్రక్కకు తొలగి, దుకాణదారుడో, కుమారుడో, అల్లుడో చెప్పిన దానికి తల యూపుచున్నారు. కొన్న పిమ్మట దానితో నిత్యము వేగవలసినవారు తామే. ఇంటి జమాఖర్చులు, బిడ్డల పాఠములు, బ్యాంకు వ్యవహారములు, దూరదేశముల నున్నవారితో ముఖాముఖి సంభాషణలు, పెండ్లిండ్ల ఛాయాచిత్రములు, అన్నియు నేడు ఆ పెట్టెలోనే యున్నవి. ఇంటి బీరువా తాళము కొంగున ముడివేసికొను స్త్రీకి ఈ బీరువా సంగతియు తెలియవలదా?

2025 కార్తీకమాసమున ఒక సోదరి మాకు వ్రాసిన లేఖయే ఈ వ్యాసమునకు కారణము. ఆమె యింటిలో 2016లో కొన్న కంప్యూటరొకటి కలదు. అది విండోస్ 10 అను వ్యవస్థపై నడచుచున్నది. ఆ వ్యవస్థకు తయారీదారుల సంరక్షణ ముగిసినదని కొన్నాళ్లుగా తెరపై హెచ్చరిక కనబడుచున్నదట. దుకాణదారుని అడుగగా, "దీనికి క్రొత్త విండోస్ ఎక్కదమ్మా, దీనిని తీసివేసి క్రొత్త యంత్రము కొనండి" అనెను. అమెరికాలో నున్న కుమారుడు, "అమ్మా, ఆ గొడవలన్నియు మాని మ్యాక్ కొనుము" అని ఫోనులో చెప్పెను. ఇంజనీరింగు చదువుచున్న తోడికోడలి కుమారుడు, "పెద్దమ్మా, నేను లినక్స్ వేసి యిచ్చెదను, ఒక్క రూపాయి యైనను అక్కరలేదు" అనెను. భర్తగారు "నీ యిష్టము" అని వార్తాపత్రిక వెనుకకు పోయిరి.

"ముగ్గురును నా మేలు కోరినవారే. కాని వారి మాటలు మూడు దారులు. వీటికంటె నన్ను బాధించునది మరియొకటి కలదు. మా అత్తగారు పాడుచుండగా నేను టైపు చేసిన పెండ్లిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు మొత్తము 120 ఆ పెట్టెలో నున్నవి. అత్తగారు 2021లో స్వర్గస్థులైరి. ఆ పాటలు మరెక్కడను లేవు. మా పిల్లవాడు వాటిని తన కంప్యూటరునకు తెప్పించుకొని తెరచి చూడగా ఒక్క తెలుగక్షరమైనను కనబడలేదు. ఇంగ్లీషు అక్షరములు, ఏవో గుర్తులు కనబడినవి. యంత్రము మార్చినచో ఆ పాటలు పోవునా? నేనేమి చేయవలెను?" అని ఆమె వ్రాసెను.

ఇట్టి చిక్కులో నున్న గృహములు మన రాష్ట్రములలో పెక్కు కలవని మేమెరుగుదుము. కావున ఆమెకు వ్రాసిన బదులును కొంత విస్తరించి చదువరులందరి కొరకు ఇచట వ్రాయుచున్నాము.

కంప్యూటరనగా తెర, మీటలు, పెట్టె మాత్రమే యని తలంచుట పొరపాటు. పెద్ద సంసారములో ఎవరికే పని అప్పగింపవలెనో, ఏ వస్తువు నెక్కడ నుంచవలెనో చూచుకొను పెద్దకోడలి వంటి వ్యవస్థ యొకటి దానిలో నుండును. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మీట నొక్కినప్పుడు తెరపై అక్షరమును చూపుట, వ్రాసినదానిని భద్రపరచుట, ప్రింటరునకు పని పురమాయించుట, ఇంటర్నెట్టుతో సంబంధము కలుపుట దీని బాధ్యతలు. పెద్దకోడలు మారినచో వంటయింటి పద్ధతి మారునట్లు, ఈ వ్యవస్థ మారినచో మన అలవాట్లును మారును. ఒక వ్యవస్థ కొరకు చేసిన పనిముట్టు మరియొకదానిలో పనిచేయక పోవచ్చును. ఎంపికలోని చిక్కంతయు ఇచటనే యున్నది.

నేడు గృహములలో ముఖ్యముగా మూడు వంశములు కనబడుచున్నవి. ఆపిల్ సంస్థవారు మెకింటాష్ అను కంప్యూటరును 1984 జనవరి 24వ తేదీన వెలువరించిరి. నేటి మ్యాక్ దాని సంతతియే. మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్ తొలి ప్రతి 1985 నవంబరు 20వ తేదీన వచ్చెను. మూడవదగు లినక్స్ పుట్టుక వేరు. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచున్న లినస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల యువకుడు దాని మూలభాగమును వ్రాసెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ప్రయత్నమునుండి వచ్చిన పనిముట్లు దానికి తోడయ్యెను. దానిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇరుగుపొరుగువారికి పంచిపెట్టవచ్చును. ఇవి కాక 2011లో అమ్మకమునకు వచ్చిన క్రోమ్‌బుక్ అనునది నాలుగవది.

ఈ వంశముల యభిమానులు ఒకరినొకరు నిందించుకొనుట చూచినచో వియ్యాలవారి పంతములు జ్ఞాపకము వచ్చును. కాని తరచి చూడగా వీరు ఒకరికొకరు అంత పరాయివారు కారు. తొలి మెకింటాష్ తెరపై కనబడిన చిన్ని బొమ్మలను గీసినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. 1990లో వెలువడిన విండోస్ 3.0 కొరకు బొమ్మలు గీసినదియు, దానిలోని సాలిటేర్ ఆటకు పేకముక్కలను చిత్రించినదియు ఆమెయే. ఒకే స్త్రీ చేతి ముగ్గులు ఇద్దరు ప్రత్యర్థుల వాకిళ్లలో నున్నవి! కావున ఒకటి దేవత, మరియొకటి దయ్యము అను మాటలు విడిచి, మన పనికేది యొదుగునో చూచుట యుచితము.

ముందుగా ఆ సోదరిని భయపెట్టిన హెచ్చరిక సంగతి. విండోస్ 10 అనునది 2015 జూలై 29వ తేదీన వెలువడెను. దానికి ఉచిత సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. గృహములలో వాడుకొనువారికి మరియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వరకు, రక్షణకు సంబంధించిన సవరణలు పొందుటకు ప్రత్యేకముగా ఒక ఏర్పాటును ప్రకటించిరి. గడువు తీరిన మరునాడు యంత్రము ఆగిపోదు. వ్రాతలు చెరిగిపోవు. తలుపు గడియ ఊడిన యింటిలో వంట మామూలుగానే సాగును. కాని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రింపజాలము. సంరక్షణ ముగియుటయు ఇట్టిదే. క్రొత్తగా బయటపడిన లోపములను ఇక ఎవరును సరిచేయరు. దొంగలకు మాత్రము ఆ లోపములు తెలిసియే యుండును.

ఇది ఊరక భయపెట్టుటకు చెప్పు మాట కాదు. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళములు వేసి, సొమ్ము చెల్లించిననే తెరతునని బెదరించెను. 150 దేశములకు పైగా దాని బారిన పడెను. బ్రిటనులో ఆసుపత్రుల పనులు స్తంభించెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకును ఆ బాధ తప్పలేదు. చోద్యమేమనగా, అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్ట్‌వారు ఆ యేటి మార్చి నెలలోనే సవరణ నిచ్చియుండిరి. దానిని వేసికొనని యంత్రములును, సవరణలు నిలిచిపోయిన పాత వ్యవస్థలును దెబ్బ తినెను. బ్యాంకు పనులు చేసికొను కంప్యూటరును సంరక్షణ లేని వ్యవస్థపై ఏండ్ల తరబడి నడుపుట తగదని దీనివలన తెలియుచున్నది.

అట్లయిన క్రొత్త విండోస్ వేసికొనవచ్చును గదా యందురేమో. 2021 అక్టోబరు 5వ తేదీన వెలువడిన విండోస్ 11 తన్ను భరించు యంత్రమునకు కొన్ని నియమములు పెట్టినది. 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ నిల్వస్థలము గాక, టీపీఎం 2.0 అను భద్రతా సాధనము ఉండవలెను. ఇంటెల్‌వారి ప్రాసెసరైనచో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు, అనగా 2017వ సంవత్సరపు టుత్తరభాగమునకు, చెందినదో, తరువాతిదో యై యుండవలెను. ఆ సోదరి యంత్రము 2016 నాటిది. అది రోగముతో కాక, పుట్టిన తేదీవలన అనర్హమైనది. దుకాణదారుడు చెప్పినదానిలో సగము నిజము. క్రొత్త విండోస్ దానికి ఎక్కదనుట నిజమే. దానిని పారవేయవలెననుట మాత్రము వేరు సంగతి.

ఇక ఎంపిక. మేము చెప్పు ఉపాయము మిక్కిలి చిన్నది. ఒక కాగితము తీసికొని కంప్యూటరు ప్రక్కన నుంచవలెను. వారము దినములు ఇంటిలో ఎవరెవరు దానితో ఏమేమి చేసిరో వ్రాయవలెను. ఎనిమిదవ దినమున ఆ పనులను మూడు భాగములుగా విడదీయవలెను. మొదటిది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులో జరుగునవి: బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను రిటర్ను, రైలు టిక్కెట్లు, పిల్లల ప్రవేశపరీక్షల దరఖాస్తులు, వాట్సాప్, వీడియో పాఠములు. ఇవి ఇంచుమించుగా అన్ని వ్యవస్థలలోను జరుగును. రెండవది, ఒకే వ్యవస్థకు కట్టుబడిన పనిముట్లు. మూడవది, మన సొంత వ్రాతలు, చిత్రములు. మొదటి భాగము ఎంత పెద్దదైనను ఎంపికకు అడ్డురాదు. రెండవ భాగములో ఒక్క పేరున్నను అదియే తీర్పు చెప్పును. మూడవ భాగము సంగతి వేరుగా చెప్పెదము. ఏలయన అందరును మరచునది అదియే.

రెండవ భాగమునకు ఒక దృష్టాంతము. మా చదువరులలో మరియొక సోదరి ఊరగాయలు, పొడులు చేసి అమ్ముచు నలుగురు స్త్రీలకు పని కల్పించుచున్నది. ఆమె లెక్కలన్నియు ట్యాలీలో నున్నవి. ఆడిటరుగారు వాటిని ట్యాలీలోనే కోరుదురు. ఆ పనిముట్టు విండోస్ కొరకు చేయబడినది. ఆమెకు మ్యాక్ యొక్క సొంపును, లినక్స్ యొక్క ఉచితమును వర్ణించుటవలన ప్రయోజనము లేదు. అచ్చుపనులు, శుభలేఖలు చేసి సంపాదించువారి సంగతియు ఇట్టిదే. మన తెలుగు అచ్చుకూటములలో చిరకాలముగా వాడుకలోనున్న పాత అక్షరరూపములు, పనిముట్లు పెక్కు విండోస్‌ను నమ్ముకొనియే యున్నవి. దానికి మరియొక బలము కలదు. చిన్న పట్టణములో సైతము దానిని బాగుచేయువాడు నాలుగడుగుల దూరమున దొరకును. విడిభాగములు చౌక. దాని లోపము లేవనగా, దుష్టప్రోగ్రాములకు అది పెద్ద గురి. పనిచేయుచున్న యంత్రమును సైతము క్రొత్త నియమములతో పాతది చేయుట చూచితిమి గదా.

మ్యాక్ విషయమున యంత్రమును, వ్యవస్థయు ఒకే సంస్థవారివి. అందువలన రెండును ఒకదానితో నొకటి చక్కగా పొందియుండును. 2020 నవంబరునుండి ఆపిల్‌వారు తమ సొంత చిప్పులను వాడుచుండుటచే వారి ల్యాప్‌టాపులలో బ్యాటరీ చాలసేపు నిలుచుచున్నది. 2013నుండి వ్యవస్థ యొక్క క్రొత్త ప్రతులకు వారు వెల తీసికొనుట లేదు. ఇంటిలో అందరును ఐఫోను వాడువారైనచో చిత్రములు, సందేశములు ఫోనునకు, కంప్యూటరునకు శ్రమ లేక చేరుచుండును. కాని వెల యెక్కువ. 2025 మార్చిలో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశమున 99,900 రూపాయలతో మొదలయ్యెను. దాని జ్ఞాపకశక్తిని కొన్న తరువాత పెంచుకొను వీలు లేదు. కావున మొదటనే తగినంత యుండునది కొనవలెను. చెడినచో పెద్ద నగరమునకు తీసికొని పోవలసి వచ్చుట కలదు. చౌకగా వచ్చినదని పాత మ్యాక్ కొనువారు మరియొకటి తెలిసికొనవలెను. 2025లో వచ్చిన టాహో అను ప్రతియే ఇంటెల్ చిప్పు గల మ్యాక్‌లకు చివరిదని ఆపిల్‌వారే ప్రకటించిరి. పొరుగింటి పుల్లకూర రుచి యెక్కువ. మంచము కొలది కాళ్లు చాపుకొనుటయే మేలు.

లినక్స్ అనగా అదేదో పండితుల విద్య యని చాలమంది జంకుదురు. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనుల యంతరంగమున నున్నది లినక్సే. లోకములోని 500 అతివేగ కంప్యూటర్లన్నియు 2017 నవంబరునుండి లినక్స్‌పైనే నడచుచున్నవి. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలు దానితోనే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు దానికి తెలుగు రూపము దిద్దుటకు కృషి చేసిరి. ఉబుంటు, లినక్స్ మింట్ అను పేర్లతో వచ్చు రూపములు గృహములకు అనువైనవి. ఉబుంటులో రెండేండ్ల కొకసారి వచ్చు దీర్ఘకాలిక ప్రతికి 5 ఏండ్ల ఉచిత సంరక్షణ కలదు. లేఖలు, లెక్కల పట్టికలు వ్రాసికొనుటకు లిబ్రెఆఫీస్ అను ఉచిత సాధనము దానితో వచ్చును.

దానిలో మాకు నచ్చిన గుణ మొకటి కలదు. దానిని ఒక పెన్‌డ్రైవులో నెక్కించి, యంత్రములోని విండోస్‌ను ముట్టుకొనకయే నడిపి చూడవచ్చును. తెర, శబ్దము, వైఫై, ప్రింటరు పనిచేయుచున్నవో లేవో ముందే తెలియును. అన్నము మెతుకు పట్టి చూచినట్లు! అయితే లోపములు లేకపోలేదు. కొన్ని ప్రింటర్లు దానితో మాటాడవు. ట్యాలీ వంటివి దానిలో తిన్నగా నడువవు. చిక్కు వచ్చినప్పుడు వీధి చివరి దుకాణదారుడు చేతులెత్తివేయుట కలదు.

క్రోమ్‌బుక్ గూర్చి రెండు మాటలు. పనులన్నియు మొదటి భాగములోనే, అనగా బ్రౌజరులోనే, ముగియు ఇండ్లకును, చదువుకొను పిల్లలకును అది చాలును. 2021నుండి వచ్చిన నమూనాలకు 10 ఏండ్ల వరకు తమంతట తామే సవరణలు వచ్చునని గూగుల్‌వారు 2023లో ప్రకటించిరి. అయితే ఆ కాలమును మనము కొన్న దినమునుండి కాక నమూనా వెలువడిన నాటినుండి లెక్కింతురు. కావున కొనునప్పుడు గడువు తేదీని అడిగి తెలిసికొనవలెను. ఇంటర్నెట్టు సరిగా లేని యూరిలో దానివలన సుఖము తక్కువ.

ఇక మూడవ భాగము, మన సొంత వ్రాతల సంగతి. ఆ సోదరి పాటలు ఆమె కుమారుని కంప్యూటరులో పిచ్చిగీతలుగా నేల కనబడినవి? యూనికోడ్ వాడుక రాకమునుపు తెలుగును టైపు చేయుటకు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ఆకారముల నతికించెడివారు. కంప్యూటరు లెక్కలో అచట నున్నది ఇంగ్లీషక్షరమే. తెలుగు రూపము పైన తొడిగిన చొక్కా వంటిది. ఆ చొక్కా, అనగా ఆ ఫాంటు, లేని యంత్రమున లోపలి ఇంగ్లీషక్షరము బయటపడును. ఆమె పాటలకు జరిగినది ఇదియే. పాటలు పోలేదు. అవి ఒక యింటి తాళమునకు మాత్రమే లోబడి యున్నవి.

యూనికోడ్ పద్ధతి ఇట్టిది కాదు. దానిలో ప్రపంచపు లిపులలో పెక్కింటికి వేరువేరు స్థానములు కలవు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. 'అ' యనిన ఎచ్చటనైనను 'అ' యే. విండోస్‌లో వ్రాసినది మ్యాక్‌లోను, లినక్స్‌లోను, ఫోనులోను తెలుగుగానే కనబడును. టైపు చేయుటకు మన ప్రభుత్వము ప్రమాణముగా చేసిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక మూడింటిలోను కలదు. ఒకచోట నేర్చిన చేతికి మరియొకచోట క్రొత్త లేదు. చూపునకు ఇంపైన ఫాంట్లకును కొరత లేదు. తిరుమల కృష్ణదేశికాచారిగారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును, మండలి, రామభద్ర, సురవరం, గిడుగు అను పేర్లు గలవియు ఉచితముగా దొరకుచున్నవి.

కావున మేము ఆ సోదరికి మొదట వ్రాసినది, "యంత్రమును మార్చుటకు ముందు పాటలను మార్చుము" అని. ఏరు దాటకమునుపే తెప్పను తగులబెట్టరాదు. పాత యంత్రము, పాత ఫాంటు ఇంకను పనిచేయుచుండగనే ఆ వ్రాతలను యూనికోడ్‌లోనికి మార్చు సాధనములను వాడవలెను. పిమ్మట చదివి దిద్దవలెను. అంతవరకు ఆ ఫైళ్లను రెండు వేరు పెన్‌డ్రైవులలో నకలు తీసి, ఒకటి బీరువాలోను, ఒకటి పుట్టింటిలోను ఉంచుమంటిమి. పాటలను పాత యంత్రము నుండియే ఒకసారి కాగితముపై అచ్చు తీయుమని కూడ చెప్పితిమి. కాగితమునకు ఏ వ్యవస్థయు అక్కరలేదు గదా!

ఆమె ఆ ప్రకారమే చేసెను. మార్చు సాధనము 120 పాటలను కొన్ని నిమిషములలో మార్చెను గాని, వత్తులు కొన్ని తారుమారయ్యెను, క్షకారములు కొన్నిచోట్ల చెదరెను. ఆమె మధ్యాహ్నపు పనులు తీరిన తరువాత దినమునకు నాలుగైదు పాటలు చొప్పున, అచ్చు కాగితము నొకవైపు పెట్టుకొని, ఒక నెల దినములు దిద్దెను. "అత్తగారి రాగము చెవిలో వినబడుచున్నందున ఎచట అక్షరము తప్పినదో నాకు వెంటనే తెలియుచుండెను" అని మాకు వ్రాసెను. ఆ దిద్దిన ప్రతిని అమెరికాకు పంపగా, కుమారుడు తన మ్యాక్‌లో తెరచి, ఫోనులో చాలసేపు మాటాడక, "అమ్మా, ఇది మామ్మ పాడిన లాలి గదా" అనెనట. ఆ మాటతో తన శ్రమ యంతయు తీరినదని ఆమె వ్రాసెను.

యంత్రము సంగతి పిమ్మట సులభముగా తేలినది. వారి యింటి కాగితములో రెండవ భాగము ఖాళీగా నుండెను. ట్యాలీ లేదు, ఇతర నిర్బంధము లేదు. లెక్కలు సామాన్యమైన పట్టికలలో నున్నవి. కావున తోడికోడలి కుమారుడు చెప్పిన దారియే యుచితమని తోచెను. ముందుగా పెన్‌డ్రైవు నుండి వారము దినములు నడిపి చూచిరి. ప్రింటరు తప్ప అన్నియు పనిచేసెను. పాత తిరుగుడు డిస్కునకు బదులు ఎస్‌ఎస్‌డీ అను వేగవంతమైన నిల్వసాధనమును వేసి, జ్ఞాపకశక్తిని 4 నుండి 8 జీబీకి పెంచి, లినక్స్ మింట్ ఎక్కించిరి. క్రొత్త యంత్రపు వెలతో పోల్చిన ఖర్చు స్వల్పము. ప్రింటరు మాత్రము ఎన్ని విధముల ప్రయత్నించినను లొంగలేదు. దానిని ఆడపడుచున కిచ్చి, లినక్స్‌తో పనిచేయునదని నిర్ధారించుకొని మరియొకటి కొనవలసి వచ్చెను. మొదటి పక్షము రోజులు భర్తగారు తమకు కావలసిన ఫైలు కనబడుట లేదని విసుగుకొనిరట. ఇప్పుడు అలవాటు పడిరి.

ఈ కథ విని అందరును లినక్స్ వేసికొనవలెనని మా యభిప్రాయము కాదు. ఊరగాయల సోదరికి విండోస్ 11 గల క్రొత్త యంత్రమే కొనుమని వ్రాసితిమి, ఆమె కొనెను. ఆమెకు అది వ్యయము కాదు, వృత్తికి పెట్టుబడి. చూపు మందగించి, ఇంటిలో సాయము చేయువారు లేక, కుమార్తె వాడు మ్యాక్ వంటిదే కావలెనని కోరిన ఒక వృద్ధురాలికి మ్యాక్ తగినదని చెప్పితిమి. ఏలయన చిక్కు వచ్చినప్పుడు ఆ కుమార్తె దూరమునుండియే తెర చూచి దారి చెప్పగలదు. ఎంపికలో ఇదియు ఒక ముఖ్యాంశము. వ్యవస్థ యెంత గొప్పదైనను, రాత్రి తొమ్మిది గంటలకు పిల్లవాని దరఖాస్తు గడువు ముగియుచుండగా ఎవరిని పిలువగలమో ఆలోచించుకొనవలెను. మంచి వైద్యుడు దూరముగా నుండుట కంటె తెలిసిన వైద్యుడు వీధిలో నుండుట మేలు.

ఏ వ్యవస్థను కోరుకొన్నను కొన్ని జాగ్రత్తలు సమానము. తెలుగు వ్రాతలన్నియు యూనికోడ్‌లో నుండవలెను. లేఖలు, లెక్కలు అన్ని వ్యవస్థలలో తెరచుకొను రూపమున నుంచుకొనవలెను. ఛాయాచిత్రములకు రెండు నకళ్లు, వాటిలో ఒకటి వేరొక యింటిలో నుండవలెను. సవరణలు వచ్చినప్పుడు రేపు, మాపు అనక వేసికొనవలెను. పాత యంత్రమును ఇతరుల కిచ్చునప్పుడు దానిలోనిదంతయు చెరిపి యీయవలెను. ఖాతా ఇంటిలో ఎవరి పేర నున్నదో, దాని సంకేతపదము ఎవరికి తెలియునో విచారించుకొనవలెను. భర్తగారి పేరనో, కుమారుని పేరనో ఖాతా తెరచి, వారికి మాత్రమే సంకేతపదము తెలిసియుండుటచే, వారు లేని సమయమున ఇంటి కాగితములకే గృహిణి పరాయిదైన సందర్భములు మాకు తెలియును. కొనునాడే గృహిణి పేర వేరుగా ఒక ఖాతా యుండునట్లు చూచుకొనవలెను.

సోదరీమణులారా! ఇల్లలుకగానే పండుగ కాదు. యంత్రము కొనుటతో పని తీరదు. అయిదారేండ్లకో, పదేండ్లకో మరల ఒక హెచ్చరిక తెరపై కనబడును. మరల ముగ్గురు మూడు దారులు చెప్పుదురు. అప్పుడు మన వ్రాతలు, మన చిత్రములు, మన లెక్కలు ఏ యింటికైనను నిరభ్యంతరముగా రాగల స్థితిలో నున్నచో, ఎవరి మాటకును లోబడక, మన పనిని, మన సంచిని చూచుకొని నిర్ణయింపగలము. ఈ వారమే ఒక కాగితమును కంప్యూటరు ప్రక్కన నుంచుడు. అంతకంటె ముందుగా, ఇంటిలో పెద్దవారు పాడిన పాటలుగాని, చెప్పిన వంటల కొలతలుగాని పాత పద్ధతిలో వ్రాసియున్నవేమో వెదకి చూడుడు. యంత్రములు బజారులో మరల దొరకును.